పెండింగులో ఒక కాలు

మా సేవా సమితి విదేశాల్లో వైద్య శిబిరాలు పెడుతుంది. మన ఊళ్లోనే పెట్టకూడదా అని మీకు అనుమానం రావచ్చు. మన ఊళ్లో పెడితే రోగులు మర్నాడు మళ్లీ వస్తారు. విదేశంలో అయితే మనమే వచ్చేస్తాం కాబట్టి ఆ బెడద ఉండదు.

నేను రాజమండ్రిలో ఎముకల డాక్టర్ని. పేరు హైమవతి. సమితిలో జీవిత సభ్యురాలిని. అధ్యక్షులు త్రినాథరావు గారి మోకాలికి వైద్యం చేసిన పాపానికి, ఫీజుకు బదులు ఆయన నాకు సభ్యత్వం ఇచ్చారు. ఆ తర్వాత ఆయన రెండో మోకాలికీ, వాళ్ల బావమరిది భుజానికీ, కార్యవర్గంలో ఉన్న నడుములన్నిటికీ వైద్యం చేస్తూనే ఉన్నాను. సభ్యులకు సభ్యులైన డాక్టర్లు బతికున్నంతకాలం ఉచితంగా చూడాలని సమితి నియమం. సభ్యులందరికీ కంఠతా వచ్చిన నియమం అదొక్కటే.

ఇక మా కార్యదర్శి భీమశంకరం గారు. ఉద్యోగం ఆడిటు శాఖలో చేసి రిటైరయ్యారు గానీ, ఆడిటు ఆయన్ని వదల్లేదు. వాళ్లింట్లో పెరుగు తోడుకోకపోతే భార్యను సంజాయిషీ అడుగుతారని చెప్పుకుంటారు. మనిషి మాత్రం నిప్పు. రూపాయి ముట్టరు, అబద్ధం ఆడరు, నియమం తప్పరు. ఈ మూడు గుణాలూ ఒకే మనిషిలో ఉంటే పక్కవాళ్లకు ఎంత ప్రమాదమో నాకు ఇప్పుడు చెప్పబోయే శిబిరంలోనే తెలిసింది.

అంతకు ముందు ఏడాది ఇంకో దేశంలో శిబిరం ముగిసి వచ్చాక, ఆ దేశం నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. బిళ్లలు అయిపోయాయి, ఇప్పుడేం చేయాలి? కుట్లు వేశారు, ఎప్పుడు తీస్తారు? భీమశంకరం గారు వాటన్నిటినీ చదివి, కార్యవర్గ సమావేశం పిలిచి, కళ్లజోడు సవరించుకుని తప్పు ఎక్కడుందో తేల్చారు.

"మన శిబిరం ఐదు రోజులు. సదరు వ్యాధులు మాత్రం ఐదు రోజులకు మించి నడుస్తున్నాయి. ఇది వ్యాధుల వైపు నుంచి జరిగిన స్పష్టమైన ఉల్లంఘన" అన్నారు.

అప్పుడే ఆ తీర్మానం పుట్టింది. "శిబిరమునకు హాజరగు ప్రతి వ్యాధియు శిబిర కాలపరిమితికి లోబడి ఉండవలెను. ముగింపు సభ నాటికి ఏ రోగియు పెండింగులో ఉండరాదు."

"షుగరుకు ముగింపు ఉండదండీ" అన్నాను నేను.

"ఫైలుకు ఉంటుంది కదమ్మా" అన్నారాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు.

త్రినాథరావు గారు చప్పట్లు కొట్టారు. ఆయన్ని చూసి అందరూ కొట్టారు. వారం తిరిగేసరికి 'జీరో పెండింగ్' అని ఫ్లెక్సీలు వచ్చాయి, బనియన్లు వచ్చాయి, టోపీలు వచ్చాయి. పెండింగ్ లేకుండా చేసిన సంస్థకు ఏదో అంతర్జాతీయ బిరుదు కూడా ఇస్తారట. త్రినాథరావు గారు ఆ బిరుదుకు కొత్త సూటు కుట్టించుకున్నారు.

ఈసారి మేం వెళ్లింది కలూవా అనే చిన్న దీవికి. సముద్రం మధ్య చెరుకు తోటలు, ఒక బడి, ఒక దుకాణం, వారానికి ఒకసారి వచ్చే పడవ. చెరుకు నరకడానికి ఎప్పుడో భీమిలి వైపు నుంచి ఓడలెక్కించి తీసుకెళ్లిన కూలీల మునిమనుమలు అక్కడి జనంలో సగం మంది. దొరలు పోయారు, ఓడలు పోయాయి, తెలుగు మాత్రం వాళ్ల నోట అలాగే ఉండిపోయింది. మమ్మల్ని చూసి వాళ్లు మురిసిపోయారు. మేం కూడా మురిసిపోయాం, దుబాసీ ఖర్చు తప్పిందని.

మొదటిరోజు పొద్దున్న ప్రారంభోత్సవం. జ్యోతి వెలిగించాలంటే సముద్రపు గాలికి వత్తి నిలవదు. జ్యోతి లేకుండా ప్రారంభం కాదు, ప్రారంభం కాకుండా మందు ఇవ్వకూడదు. నలుగురు డాక్టర్లు దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడితే ఎలాగో వెలిగింది. తర్వాత సన్మానాలు. వేదిక మీద ఉన్నదంతా మేమే కాబట్టి ఒకరికొకరం శాలువాలు కప్పుకున్నాం. రోగులు ఎండలో కూర్చుని ఓపిగ్గా చూశారు. ఇదీ వైద్యంలో భాగమే అనుకున్నారేమో, ఒక ముసలాయన కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాడు.

మధ్యాహ్నానికి నా బల్ల దగ్గరికి మొదటి రోగి వచ్చింది. రావడం చెరుకు మోసే తోపుడు బండిలో వచ్చింది. బండిని తోసుకొచ్చినవాడు ఒక కాలు ఎగరేస్తూ నడుస్తున్నాడు.

"నా సెల్లి సూరీడమ్మ" అన్నాడతను. "ట్రాక్టరు మీంచి పడిపోనాది."

సూరీడమ్మకు నలభై ఏళ్లుంటాయి. దీవిలో ఉన్న ఒకే ఒక్క ట్రాక్టరును నడిపేది ఆమె. వానకు తడిసిన మెట్టు మీద కాలు జారిందట. మా దగ్గర ఉన్న చిన్న ఎక్స్‌రే పెట్టెతో తీసి చూశాను. ఎడమ కాలి పిక్క ఎముక విరిగింది. అదృష్టం కొద్దీ ముక్కలు పక్కకు జరగలేదు. తొడ నుంచి కాలి వేళ్ల దాకా పిండికట్టు వేశాను.

"క్లచ్చు ఎప్పుడు తొక్కగల్ను డాక్టరమ్మా?" అని అడిగింది. నొప్పి గురించి ఒక్క మాట అడగలేదు.

"రెండు నెలలు కదపకూడదు. తర్వాత కట్టు విప్పి, ఎముక అతికిందో లేదో చూసి చెబుతాను."

"రెండు నెలలకి మీరుంటారేటి?"

నేను కట్టు అంచులు మరోసారి సరిచేశాను.

"మరి ఇప్పీదెవులు?" అంది.

దీవిలో డాక్టరు లేడు. పెద్ద దీవి నుంచి వారానికి ఒక నర్సు వచ్చి పిల్లలకు టీకాలు వేసి పోతుంది. ఆమె అన్న దాలయ్య తన లుంగీ మోకాలి దాకా ఎత్తి చూపించాడు. కాలు మోకాలి కింద నుంచి పక్కకు తిరిగిపోయి ఉంది.

"నాకూ ఇలగే ఎవులో దొరలొచ్చి కట్టినారమ్మా. ఫొటో తీసినారు, బిస్కట్లిచ్చినారు, ఎల్లిపోనారు. ఇప్పీయాలని నాకెవులూ సెప్పనేదు. కట్టే మందనుకున్నాను. రెండు కోతలు దాని మీదే నడిసినాను. అది కుళ్లి ఊడిపోనాక సూస్తే కాలిలగుంది."

నవ్వుతూనే చెప్పాడు. నర్సుకు అంతా నేర్పి, కట్టు కోసే రంపం ఆమెకు ఇచ్చి వెళ్తానని ఆ అన్నాచెల్లెళ్లకు మాట ఇచ్చాను. సమితి ఆస్తిని దానం చేసే అధికారం నాకు లేదన్న సంగతి నాకప్పుడు గుర్తుకు రాలేదు.

రెండోరోజు నుంచి రోగుల ఫైళ్ల మూసివేతలు మొదలయ్యాయి. దగ్గులు, గజ్జి, చెవిపోటు బాగానే మూతపడ్డాయి. బీపీ దగ్గర చిక్కొచ్చింది. భీమశంకరం గారు దానికి ఒక పద్ధతి కనిపెట్టారు. బిళ్ల వేసి, పడుకోబెట్టి, కొలుస్తూ ఉండాలి. అంకె ఎప్పుడు సరిగ్గా వస్తే అప్పుడు మూసివేసినట్టు రాసి, ఆ మనిషిని మళ్లీ కొలవకూడదు.

"మళ్లీ పెరిగితే?" అన్నాడు బీపీలు చూసే డాక్టరు.

"కొలవనిది పెరిగినట్టు దాఖలా ఏముంటుంది?" అన్నారు భీమశంకరం గారు.

ఒక నిండు చూలాలు వచ్చింది. ఐదో రోజులోగా కాన్పు అవుతుందా అని అడిగారు. "నా గుంటకి మీ రూలు తెలదు బాబూ" అందామె. ఆమెను రోగిగా నమోదు చెయ్యకుండా, శిబిరాన్ని సందర్శించిన ప్రముఖురాలిగా రాసుకుని శాలువా కప్పి పంపించారు.

కళ్లజోళ్ల దగ్గరికి వచ్చేసరికి అసలు సిద్ధాంతం బయటపడింది. కళ్ల డాక్టరు ముసలివాళ్లకు జోళ్లు పంచాడు. వాళ్లు సూదిలో దారం ఎక్కించుకుని సంబరపడుతున్నారు. భీమశంకరం గారు ఆ వరసంతా చూసి మొహం గంటు పెట్టుకున్నారు.

"వీరు జోడు పెట్టుకుని ఉన్నారు. అంటే చూపు ఇంకా బాగుపడలేదన్నమాట. ఉపకరణం ఒంటి మీద ఉన్నంతకాలం వ్యాధి ఉన్నట్టే లెక్క. ముగింపు సభకు ముందు జోళ్లు వెనక్కి తీసుకోండి."

"తీసుకుంటే వాళ్లకు కనపడదండీ!"

"కనపడకపోవడం కొత్త ఫిర్యాదు అవుతుంది. అది వచ్చే శిబిరానికి."

ఒంటి మీద ఏ కట్టూ, ఏ పట్టీ, ఏ ప్లాస్టరూ ఉండకూడదని ఆ సాయంత్రం సర్క్యులరు వచ్చింది. ఆ సర్క్యులరు చేత్తో పట్టుకునే ఆయన సూరీడమ్మ దగ్గరికి వెళ్లి, ఆమె కాలి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"డాక్టరమ్మా, ఇదేమిటి?"

"కాలండీ."

"ఎన్నాళ్లకు ముగుస్తుంది?"

"రెండు నెలలకు."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే టీ వేళకు అత్యవసర సమావేశం పెట్టారు. వేదిక వెనక నాలుగు కుర్చీలు, మధ్యలో త్రినాథరావు గారు. ముగింపు సభకు ఆ దేశపు ఆరోగ్య మంత్రి గారు వస్తున్నారు. రోగులందరూ తమ కాళ్ల మీద తాము నడిచి ఆయన ముందు నుంచి వెళ్లాలని కార్యక్రమంలో అచ్చయిపోయింది.

"ఒక డాక్టరుకు రెండు నెలలు పట్టే పని, డాక్టర్లందరూ కలిసి చేస్తే ఐదు రోజుల్లో ఎందుకు కాదు?" అని మొదలుపెట్టారు భీమశంకరం గారు. "పళ్ల డాక్టరు గారు ఖాళీగానే ఉన్నారు."

"ఎముకను అతికించేది నేను కాదండీ. ఎముకే అతుక్కుంటుంది."

"అయితే బాధ్యత ఎముకదన్నమాట. దానికి గడువు తెలియజేశారా?"

"భీమశంకరం గారూ, ఇప్పుడు కట్టు విప్పి నడిపిస్తే ముక్కలు జరిగిపోతాయి. వాళ్లన్న కాలిలా అవుతుంది. ఆమె మళ్లీ ట్రాక్టరు ఎక్కలేదు."

త్రినాథరావు గారు మధ్యలో అందుకున్నారు. "అబ్బే, ఎంతో దూరం వద్దులేమ్మా. మంత్రిగారి ముందు రెండు అడుగులు వేస్తే చాలు. పక్కన నేను పట్టుకుంటాను. ఫొటోకి కూడా నిండుగా ఉంటుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మోకాళ్లు రెండూ నా చేతిలో పెరిగినవే. అవి గుర్తొచ్చి ఇంకా మండింది. "నేను కొయ్యను" అన్నాను. "ఎవరైనా కోస్తే వాళ్ల చెయ్యి విరుగుతుంది. అప్పుడది కూడా పెండింగే."

రంపం నా దగ్గర నుంచి తీసుకుని కార్యాలయం పెట్టెలో పెట్టి తాళం వేశారు. కట్టు కోయమని పళ్ల డాక్టరుకు ఉత్తర్వు వెళ్లింది. అతను వణుకుతూ వచ్చి సూరీడమ్మ కాలిని చూసి, పళ్లు లేనిచోట తనకు పరిధి లేదని రాసిచ్చి పోయాడు. మంచి కుర్రాడు. తర్వాత కళ్ల డాక్టరు తన కళ్లకు సరిగా ఆనడం లేదన్నాడు. ఒక్కొక్కరూ తప్పుకుంటుంటే, చివరికి అధ్యక్షుల వారు తానే కోస్తానని చొక్కా చేతులు మడిచారు. ఆయనకు కలప కోసే మిల్లు ఉంది, రంపం కొత్త కాదు.

ఆ మాట సూరీడమ్మ దాకా పోయింది. నేను వెళ్లేసరికి దాలయ్య చెరుకు నరికే కత్తి పట్టుకుని చెల్లెలి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"డాక్టరమ్మా, కట్టీయకపోనా బాగుండును. ఇరిగిన కాలితో ఎలగో బతికీదాన్ని. కట్టీసి ఇప్పీస్తానంటే ఏటి సెయ్యాల? కోత మొదలైపోతాది. ట్రాక్టరు నేకపోతే దీవిలో సెరుకు సేలల్లోనే ఎండిపోతాది."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఈ రెండిటిలో దేనికీ ఆ సర్క్యులరులో చోటు లేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం భీమశంకరం గారు భోజనం మధ్యలో లేచి నిలబడ్డారు. చేతికి పప్పు అలాగే ఉంది. మొహం వెలిగిపోతోంది.

"పెండింగులో ఉండకూడనిది రోగి! అవునా? సదరు సూరీడమ్మ రోగి కాకపోతే?"

"రోగి కాకపోతే ఏమవుతుంది?" అన్నారు త్రినాథరావు గారు.

"సభ్యురాలవుతుంది! మన సమితి సభ్యురాలి కాలికి కట్టు ఉంటే అది ఆవిడ సొంత విషయం. శిబిరానికి సంబంధం లేదు. కార్యవర్గంలో ఎంతమంది నడుముకు బెల్టు పెట్టుకోలేదు? వారెవరూ పెండింగు కాదే!"

అంత గొప్ప ఆలోచన సమితి చరిత్రలో లేదని అందరూ ఒప్పుకున్నారు. అధ్యక్షుల వారు మడిచిన చొక్కా చేతులు దించారు. సూరీడమ్మను అప్పటికప్పుడు జీవిత సభ్యురాలిగా చేర్చి, రొమ్ము మీద బ్యాడ్జి పెట్టారు. ఆ దారి దొరికాక ఇక ఆగడమెక్కడ? షుగరువాళ్లు సభ్యులయ్యారు. బీపీ మళ్లీ పెరిగినవాళ్లు సభ్యులయ్యారు. జోళ్లు తిరిగి ఇచ్చేది లేదని మొండికేసిన ముసలివాళ్లు సభ్యులయ్యారు. ప్రముఖురాలిగా వచ్చిన చూలాలు కూడా సభ్యురాలయింది. సాయంత్రానికి దీవిలో రోగులు అయిపోయారు, సభ్యులే మిగిలారు.

నేను మాత్రం నోరు మెదపలేదు. సభ్యుల వైద్యం సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ప్రతి ఆదివారం మా ఇంటి వరండాలో బారులు తీరే మోకాళ్లు ఆ నియమం కిందే వస్తాయి. బ్యాడ్జీలు పంచడానికి మనుషులు చాలకపోతే నేనే ముందుకొచ్చి, వేళ్లు నొప్పి పుట్టేదాకా పిన్నులు గుచ్చాను. దాలయ్యకు కూడా ఒకటి గుచ్చాను. భీమశంకరం గారు నా సేవాభావాన్ని మెచ్చుకున్నారు.

ఐదోరోజు ముగింపు సభ. పడవ రేవులో సిద్ధంగా ఉంది. మంత్రిగారు వచ్చారు. సన్నగా, మొహమాటంగా ఉన్న మనిషి. ఆయనకూ ఒక శాలువా కప్పారు. ఎండకు ఆయన దాన్ని నెత్తి మీద వేసుకున్నారు. త్రినాథరావు గారు కొత్త నల్ల సూటులో నిలబడి, ఈ దీవిలో ఒక్క రోగి కూడా పెండింగులో లేడని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అప్పుడు ముందు వరసలో తోపుడు బండిలో కూర్చున్న సూరీడమ్మ చెయ్యెత్తింది.

"సబ్యులమైపోనాం గదా బాబూ. సబ్యులకి మీరేటి సేస్తారో సెప్పండి."

త్రినాథరావు గారు నవ్వి, "అవన్నీ తర్వాతమ్మా" అన్నారు. కానీ నియమం గురించి ప్రశ్న వస్తే జవాబు చెప్పకుండా ఉండగల శక్తి భీమశంకరం గారికి దేవుడు ఇవ్వలేదు. ఆయన లేచి, మైకు సరిచేసుకున్నారు.

"సభ్యులకు ఏ అనారోగ్యం కలిగినను, సభ్యులగు వైద్యులు స్వయముగా, ఉచితముగా, పూర్తిగా నయమగు వరకు చికిత్స చేయవలెను. ఇది సభ్యుని జీవితకాలము వర్తించును."

ఆ చివరి మాట పలుకుతుండగానే ఆయనకు అర్థమైంది. మైకులో ఆయన గుటక మింగిన చప్పుడు అందరికీ వినిపించింది. అయినా వాక్యం పూర్తి చేశారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

"మల్లీ సెప్పండి బాబూ, ఎనకోల్లకి ఇనపడనేదు" అంది సూరీడమ్మ. ఆయన మళ్లీ చెప్పారు.

త్రినాథరావు గారి మొహం సూటు రంగులోకి తిరిగింది. "వీళ్లందరి సభ్యత్వం ఈ క్షణమే రద్దు!" అని అరిచారు.

"రద్దుకు సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల మంది చేతులెత్తాలండీ" అన్నారు భీమశంకరం గారు నీరసంగా. "ప్రస్తుతం సర్వసభ్యులు ఎదురుగానే ఉన్నారు. అడగమంటారా?"

అడిగారు. వేదిక మీద చేతులు లేచాయి. కింద ఒక్కటీ లేవలేదు. మంత్రిగారికి ఎవరో తర్జుమా చేసి చెబితే, ఇంత చక్కటి ప్రజాస్వామ్యం తాను ఎక్కడా చూడలేదని, డాక్టర్లు ఎన్నాళ్లున్నా తమ ప్రభుత్వానికి అభ్యంతరం లేదని ప్రకటించారు.

త్రినాథరావు గారు మైకు కింద పడేసి, బిరుదు తర్వాత సంగతి, ముందు పడవ అని రేవుకేసి నడిచారు. రెండు మోకాళ్లూ భేషుగ్గా పనిచేశాయి. డాక్టర్లందరూ సంచులు పట్టుకుని ఆయన వెనకే లేచారు. నేను కూడా లేచాను. ఉన్న మాట చెబుతున్నాను. అందరూ ఇరుక్కుంటారనుకున్నాను గానీ, అందులో నేను కూడా ఉంటానని లెక్క వేసుకోలేదు. ఇంటి దగ్గర నాకు ఆపరేషన్లున్నాయి.

"ఆగండి!" అన్నారు భీమశంకరం గారు. "వందన సమర్పణ జరగలేదు."

అందరూ ఆగారు. తెలుగువాళ్లం కదా, ఆ మాటకు ఆగుతాం.

"వందన సమర్పణ కానిదే సభ ముగిసినట్టు కాదు. ముగింపు సభ ముగియనిదే శిబిరం ముగిసినట్టు కాదు. సభ జరుగుతుండగా సభ్యులు వెళ్లాలంటే సభ అనుమతి కావాలి." మొహంలో మళ్లీ ఆ పప్పు చేతినాటి వెలుగు వచ్చింది. "అంతేకాదు! శిబిరమే ముగియకపోతే సదరు కాలు కాలపరిమితి లోపలే ఉంది. ఉల్లంఘనే లేదు!"

సభ అనుమతి అడిగారు. జనం తమలో తాము కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత సూరీడమ్మే చెప్పింది.

"కల్లాయనకీ పల్లాయనకీ అందరికీ సెలవిచ్చీసినాం. పెసిడెంటు బాబుని కూడా ఎల్లమనండి, మాకాయనతో పని నేదు. ఎముకలమ్మకి మాత్రం ఇవ్వం."

పడవ వెళ్లిపోయింది. నేను తోపుడు బండి పక్కన నిలబడి చాలాసేపు భీమశంకరం గారిని తిట్టాను. ఆయన కూడా వెళ్లలేదు. కార్యదర్శి లేకుండా సభ నడవదట.

ఆ సభ రెండు నెలలు జరిగింది. పొద్దున్నే ఆయన వేదిక మీద తన కుర్చీలో కూర్చునేవారు. కింద నేను రోగులను చూసేదాన్ని. మధ్యాహ్నం భోజనానికి సభను వాయిదా వేసేవారు. కొలవడం మానేసిన బీపీలన్నీ మళ్లీ కొలిచాం. నాకు చేతకాని వాటిని నర్సుతో పెద్ద దీవికి పంపాం. చూలాలికి ఆడపిల్ల పుడితే, సభ జరుగుతుండగా చేరిన ఆ కొత్త సభ్యురాలికి భీమశంకరం గారు లేచి నిలబడి స్వాగతం చెప్పారు. చెరుకు కోత రెండు వారాలు ఆలస్యం చేశారు. ట్రాక్టరు ఎవరు నడుపుతారని ఎవరైనా అడిగితే సూరీడమ్మ తన కట్టు మీద వేళ్లతో కొట్టి చూపించేది.

కట్టు విప్పే రోజున దీవి అంతా వచ్చింది. భీమశంకరం గారు పెట్టె తాళం తీసి ఇచ్చిన రంపం ఆడుతుంటే ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. ఎక్స్‌రే తీశాను. ఎముక తిన్నగా, కుదురుగా అతుక్కుంది. కాలు మాత్రం సన్నగా, పాలిపోయి, ఆమెది కానట్టుగా ఉంది. ఇద్దరం కలిసి ట్రాక్టరు దాకా నడిచాం. ఎక్కించాను. ఎడమ కాలు క్లచ్చు మీద పెట్టి నెమ్మదిగా తొక్కింది. మొదటిసారి వణికింది. రెండోసారి పూర్తిగా దిగింది. ఇంజను మొదలుపెట్టి నాలుగు బారలు ముందుకు పోనిచ్చి, అక్కడే ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఇంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు.

ఆ రోజు పడవ రోజు. నా సంచి సర్దేసి ఉంది. రంపం వాడటం నర్సుకు నేర్పడం కూడా అయింది. భీమశంకరం గారు ఉతికిన చొక్కా వేసుకుని వేదిక ఎక్కారు. జేబులోంచి కాగితం తీశారు. రెండు నెలలుగా ఆగిన వందన సమర్పణ అది. ఆయన గొంతు సవరించుకుని, "ఈ సభను విజయవంతం చేసిన..." అని మొదలుపెట్టారు.

దాలయ్య లేచాడు. ఎగిరెగిరి నడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. లుంగీ ఎత్తి, ఆ పక్కకు తిరిగిన కాలిని బల్ల మీద పెట్టాడు. రొమ్ము మీద బ్యాడ్జి తుడుచుకున్నాడు. అతని చెల్లెలు ట్రాక్టరు ఆపేసి ఇటే చూస్తోంది.

ఆ కాలిని పెద్ద దీవి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎముకను మళ్లీ విరిచి, సరిగ్గా పెట్టి, కట్టు వేయాలి. ఎంత తక్కువ వేసుకున్నా ఆరు నెలలు.

రేవులో పడవ కూత వేసింది. నేను భీమశంకరం గారి వైపు చూశాను. ఆయన దాలయ్య కాలిని చూశారు, నన్ను చూశారు, చేతిలో కాగితాన్ని చూశారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, తన కుర్చీలో కూర్చున్నారు.

"సభ కొనసాగుతోంది" అన్నారు.

నేను దాలయ్య కాలు పట్టుకుని, ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పమన్నాను.